ఎండ కాసే వేళకు మోటారు నడవాలంటే

వ్యవసాయ ఫీడరుకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు పోయే లైనుకు, త్రీఫేజ్ కరెంటు ఇచ్చే సమయంలో ఊరి సబ్‌స్టేషన్‌లో నిలబడి చూసినవారికి ఆ దృశ్యం గుర్తుండిపోతుంది. ఆపరేటర్ బ్రేకర్ వేసిన మరుక్షణం అమ్మీటరు ముల్లు ఒక్క ఊపున పైకి లేచి, కొద్ది సెకన్లు అక్కడే వణికి, ఆ తర్వాత నెమ్మదిగా దిగివస్తుంది. ఒక్కోసారి దిగిరాదు, ఫీడరు ట్రిప్ అవుతుంది, ఆపరేటర్ కాసేపు ఆగి మళ్లీ వేస్తాడు. దీనికి కారణం పొలాల్లోని స్టార్టర్ డబ్బాల్లో ఉంటుంది. త్రీఫేజ్ కరెంటు రాత్రి ఒంటిగంటకు వస్తుందో తెల్లవారుజామున నాలుగింటికి వస్తుందో తెలియని రోజుల్లో, పాము పుట్ర భయంతో చీకట్లో బావి దగ్గరికి పోలేక, రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. లైను మీదికి కరెంటు రాగానే ఆ ఫీడరు కింది మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. మామూలుగా తిరిగేటప్పటికంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటును మోటారు లేచే ఆ కొద్ది క్షణాల్లో లాగుతుంది. వందల మోటార్లు ఆ పని ఒకేసారి చేస్తే వోల్టేజీ పడిపోతుంది, ఎక్కడో ఒక చోట ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

సౌర, పవన విద్యుత్తును గ్రిడ్‌లో, అంటే విద్యుత్ కేంద్రాలనూ లైన్లనూ కలిపే వలలో, ఇమడ్చడం గురించి రాయబోతూ స్టార్టర్ డబ్బా దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. స్మార్ట్ గ్రిడ్ అనగానే మనకు గోడమీద కొత్త మీటరో, కంట్రోల్ రూములో గోడంత తెరో కళ్ల ముందు మెదులుతుంది. ఆ రెండూ అవసరమే, కానీ అసలు ప్రశ్న వేరు. నూరేళ్లకు పైగా విద్యుత్ వ్యవస్థ ఒకే సూత్రం మీద నడిచింది: జనం ఎప్పుడు ఎంత వాడితే అప్పుడు అంత పుట్టించాలి. ఎండా గాలీ మన మాట వినవు కాబట్టి ఇకమీదట ఆ సూత్రంలో కొంత భాగమైనా తిరగబడాలి. కరెంటు పుట్టే వేళకు వాడకం జరగాలి. అంత పెద్ద ఎత్తున వేళ మార్చుకోగలిగిన వాడకం తెలుగు నేలమీద ఏదైనా ఉందంటే అది పొలంలోని మోటారే. ఆటో స్టార్టర్ ఆ శక్తిని తప్పు దిక్కున చూపిస్తోంది, అంతే.

యాభై అన్న అంకె చుట్టూ

కరెంటును గ్రిడ్ గోదాములో ధాన్యంలా నిల్వ చేయదు. పుట్టినదంతా ఆ క్షణంలోనే ఎక్కడో ఒక చోట ఖర్చు కావాలి. పుట్టుక, వాడకం సరిగ్గా సరిపోయినప్పుడు ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, 50 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. థర్మల్ కేంద్రంలోని రెండు ధ్రువాల జనరేటర్ నిమిషానికి 3,000 సార్లు తిరగడమంటే ఇదే. వాడకం పెరిగితే ఆ వందల టన్నుల ఇనుము మీద బరువు పడి వేగం తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. వాడకం తగ్గితే వేగం పెరుగుతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఒకే గ్రిడ్‌గా కలిసి ఉన్న జనరేటర్లన్నీ ఒకే లయలో తిరుగుతాయి కనుక, రామగుండంలో ఒక జనరేటరు ట్రిప్ అయితే ఆ కుదుపు పంజాబ్‌లోని జనరేటరుకు కూడా తెలుస్తుంది. మన గ్రిడ్ కోడ్ ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలి.

దక్షిణాదికి ఈ క్రమశిక్షణ తేలిగ్గా రాలేదు. ఒకప్పుడు సాయంత్రం పూట ఫ్రీక్వెన్సీ 48 దగ్గరికి జారడం, అర్ధరాత్రి వాడకం తగ్గినప్పుడు 50 దాటి ఎగబాకడం రోజువారీ సంగతి. 2003 జనవరిలో దక్షిణ ప్రాంతంలో అమలులోకి వచ్చిన లభ్యత ఆధారిత టారిఫ్ ఆ పరిస్థితిని మార్చింది. ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉన్నప్పుడు ఒప్పుకున్నదానికంటే ఎక్కువ లాగిన రాష్ట్రం ఎక్కువ ధర కట్టాలని అది చెప్పింది. గ్రిడ్ ఆరోగ్యాన్ని ధరగా మార్చి అందరికీ కనిపించేలా చేసిన ఆ ఏర్పాటును నేను మన దేశపు మొదటి స్మార్ట్ గ్రిడ్ చర్యగా లెక్కిస్తాను, అందులో కొత్త యంత్రమంటూ పెద్దగా ఏమీ లేకపోయినా.

అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో లేదు. చంద్రాపూర్–రామగుండం మధ్యన, విశాఖ దగ్గర గాజువాకలోనూ ఉన్న హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజీ డీసీ) కేంద్రాల ద్వారా, తాల్చేర్–కోలార్ లైను ద్వారా మాత్రమే కరెంటు వచ్చిపోయేది. ఆ కేంద్రాలు ఏసీని (దిశ మార్చుకుంటూ పారే కరెంటును) డీసీగా (ఒకే దిశలో పారే కరెంటుగా) మార్చి, మళ్లీ ఏసీగా మార్చి పంపుతాయి. కరెంటు దాటుతుంది కానీ ఫ్రీక్వెన్సీ దాటదు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలిపోయి దాదాపు 60 కోట్ల మంది చీకట్లో పడినప్పుడు దక్షిణాదిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయంటే అందుకు ఈ విడి లయే కారణం. తర్వాత 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది కూడా జాతీయ గ్రిడ్‌తో ఏకలయలోకి వచ్చింది. ఇప్పుడు ప్రమాదంలోనూ పాలు పంచుకోవాలి, వనరులోనూ పాలు పంచుకోవచ్చు. సౌరవిద్యుత్తు విషయంలో రెండోది చాలా విలువైనది. ఎందుకంటే అనంతపురం మీద మబ్బు పట్టిన గంటలోనే జైసల్మేర్‌లో ఎండ నిప్పులు చెరుగుతూ ఉండవచ్చు.

తొమ్మిది నిమిషాల పరీక్ష

2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పివేసిన సంగతి అందరికీ గుర్తుంది. గ్రిడ్ నిర్వాహకులకు అది నిద్రపట్టని రాత్రి. దేశ విద్యుత్ వాడకం కొద్ది నిమిషాల్లో సుమారు 31 వేల మెగావాట్లు పడిపోయి, మళ్లీ అంతే వేగంగా లేచింది. బొగ్గు కేంద్రాలు ఆ వేగాన్ని అందుకోలేవు. బాయిలర్ వేడిని అంత తక్కువ నిమిషాల్లో తగ్గించి పెంచడం సాధ్యం కాదు. అందుకే ముందుగానే జలవిద్యుత్తును పూర్తిగా పైకి తెచ్చిపెట్టుకుని, దీపాలు ఆరుతున్న కొద్దీ దానిని సుమారు 17,500 మెగావాట్ల మేర దించి, మళ్లీ పెంచారు. ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్య ఊగి నిలబడింది. గేటు మూస్తే చాలు టర్బైన్ తగ్గుతుంది, తెరిస్తే చాలు పెరుగుతుంది. నీటికి ఉన్న ఆ గుణమే ఆ రాత్రి దేశాన్ని కాపాడింది.

ఆ రాత్రి జరిగినది అరుదైన సంఘటన. పైగా ఏ నిమిషానికి జరుగుతుందో ముందే తెలుసు. సౌరవిద్యుత్తు పెరిగిన గ్రిడ్‌లో అలాంటి ఎక్కుదిగుళ్లు ప్రతి సాయంత్రమూ ఉంటాయి. దేశంలో సౌర సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు లోపు ఆ ఉత్పత్తంతా సున్నాకు దిగిపోతుంది. సరిగ్గా అదే వేళకు ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, మిక్సీలు మొదలవుతాయి. దిగేదీ ఎక్కేదీ కలిసి మిగతా కేంద్రాల మీద పడే భారం రెట్టింపవుతుంది. పగటిపూట గ్రిడ్ మీద మిగిలే భారాన్ని గీతగా గీస్తే మధ్యాహ్నం గిన్నెలా కుంగి, సాయంత్రం నిట్టనిలువు గోడలా లేస్తుంది. మధ్యాహ్నపు ఆ కుంగుబాటులో బొగ్గు కేంద్రాన్ని పూర్తిగా ఆపేస్తే సాయంత్రానికి తిరిగి లేపడం కష్టం. ఆపకుండా తగ్గించి నడపాలి. అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనలు బొగ్గు యూనిట్లు తమ సామర్థ్యంలో 55 శాతానికి, దశలవారీగా 40 శాతానికి దిగి కూడా నిలకడగా నడవాలని కోరుతున్నాయి. నిండు భారంతో ఏళ్ల తరబడి నడవడానికి కట్టిన బాయిలర్‌ను రోజూ అలా దించి ఎక్కిస్తే గొట్టాలు వేడికీ చల్లదనానికీ అలసిపోతాయి, బొగ్గు ఖర్చు యూనిట్‌కు పెరుగుతుంది. సౌరవిద్యుత్తు యూనిట్ రెండున్నర రూపాయలకే వస్తోందని చెప్పుకునేటప్పుడు ఈ ఖర్చును కూడా పక్కన రాసుకోవడం న్యాయం.

ఇక్కడ ఇంకొక లెక్క కూడా చూడాలి. వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రం రోజంతా నిండుగా నడిస్తే 2 కోట్ల 40 లక్షల యూనిట్లు వస్తాయి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో 2017లో పూర్తయిన సోలార్ పార్కు సామర్థ్యం కూడా వెయ్యి మెగావాట్లే, కానీ రాత్రినీ మబ్బునూ తీసివేస్తే అలాంటి పార్కు నుంచి రోజుకు సగటున వచ్చేది 50, 60 లక్షల యూనిట్లు. దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని 2025లో ప్రకటన వచ్చినప్పుడు చాలామంది మన కరెంటులో సగం కూడా అలాగే వస్తోందని అనుకున్నారు. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు.

తిరిగే ఇనుము, తిరగని పలక

ఎక్కుదిగుళ్ల సమస్య గంటల్లో కనిపిస్తుంది. దానికంటే లోతైనది సెకన్లలో కనిపిస్తుంది. ఎక్కడో పెద్ద కేంద్రం ఒకటి ఉన్నట్టుండి ఆగిపోతే, టర్బైన్ల వేగాన్ని అదుపు చేసే గవర్నర్ పరికరాలు స్పందించి ఆవిరి గేట్లు తెరిచేలోపు ఆ లోటును ఎవరు పూడుస్తారు? తిరుగుతున్న ఇనుమే పూడుస్తుంది. వేల టర్బైన్లలో దాగి ఉన్న గతిశక్తి కొంచెం కొంచెంగా కరెంటుగా మారి, ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా కుప్పకూలకుండా ఆపుతుంది. దీన్నే జడత్వం అంటారు. ఎడ్లబండి చక్రం ఎడ్లు ఆగినా కాస్త దూరం దొర్లినట్టు. సోలార్ పలకలో తిరిగేదేమీ లేదు. పలక నుంచి వచ్చే డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ గ్రిడ్‌లో ఉన్న లయను చూసి దానికి తగ్గట్టు కరెంటును పంపుతుందే తప్ప తనంతట తాను లయను నిలబెట్టదు. అటువంటివి పెరిగేకొద్దీ గ్రిడ్ తేలికబడుతుంది. చిన్న కుదుపుకే ఫ్రీక్వెన్సీ వేగంగా జారుతుంది.

ఇక్కడ స్పెయిన్ ఉదాహరణను జాగ్రత్తగా చదవాలి. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం పన్నెండున్నర దాటిన కాసేపటికే స్పెయిన్, పోర్చుగల్ దేశాల గ్రిడ్ కొద్ది సెకన్లలో పూర్తిగా కూలిపోయింది. ఆ వేళ అక్కడ సౌర ఉత్పత్తి భారీగా ఉంది కనుక తప్పంతా సూర్యుడిదేనని వెంటనే వ్యాఖ్యలు వచ్చాయి. విచారణలో తేలింది వేరు. వోల్టేజీ అదుపు తప్పి పెరిగిపోవడంతో ఒక దాని వెంట ఒకటిగా కేంద్రాలు విడిపోయాయి. ఫ్రీక్వెన్సీ దేశమంతా ఒకటే అయినా, వోల్టేజీ ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం సరిచూసుకోవలసిన విషయం. పాత థర్మల్, జల కేంద్రాలు ఆ పని కూడా చేసేవి. వాటిని వెనక్కి జరిపి వచ్చిన సౌర, పవన కేంద్రాలకు ఆ పని అప్పగించకపోతే ఆ పని చేసేవారే ఉండరు. నేను దీని నుంచి తీసుకున్న పాఠం సౌరవిద్యుత్తు ప్రమాదకరమని కాదు. పాత కేంద్రాలు మెగావాట్లతో పాటు ఉచితంగా చేసిపెడుతూ వచ్చిన పనుల జాబితా రాసుకుని, వాటిలో ప్రతి పనికీ కొత్త యజమానిని చూడాలని.

ఆ యజమానులు లేకపోలేదు. లయను తానే నిలబెట్టగల ఇన్వర్టర్లు వచ్చాయి. ఇంధనం లేకుండా ఊరికే తిరుగుతూ జడత్వాన్నీ వోల్టేజీ పట్టునూ ఇచ్చే సింక్రనస్ కండెన్సర్లు ఉన్నాయి. బ్యాటరీ స్పందన సెకనులో చిన్న భాగమే. దక్షిణ ఆస్ట్రేలియా 2016 సెప్టెంబర్ 28న తుపాను గాలులకు లైన్లు కూలి రాష్ట్రమంతా చీకటైన తర్వాత, 2017 డిసెంబర్‌లో హార్న్స్‌డేల్ దగ్గర 100 మెగావాట్ల బ్యాటరీ కేంద్రాన్ని తెచ్చుకుంది. ఆనాడు ప్రపంచంలో అదే పెద్దది. దాని అసలు సంపాదన రాత్రికి కరెంటు దాచిపెట్టడంలో కంటే ఫ్రీక్వెన్సీని పట్టి నిలపడంలోనే ఉందని తేలింది.

చూపు

నిలబెట్టాలంటే ముందు చూడాలి. గ్రిడ్‌ను కంట్రోల్ రూములు పాత పద్ధతిలో కొన్ని సెకన్లకొకసారి వచ్చే అంకెల ద్వారా చూసేవి. 2012లో కుప్పకూలడం వంటివి ఆ రెండు అంకెల మధ్య జరిగిపోతాయి. పవర్‌గ్రిడ్ సంస్థ దేశమంతటా సబ్‌స్టేషన్లలో అమర్చిన ఫేజర్ కొలత యంత్రాలు ఉపగ్రహ సమయంతో ముడిపడి, సెకనుకు పదులసార్లు కొలత పంపుతాయి. ఒకే క్షణంలో రామగుండంలో, కర్నూలులో, కోలార్‌లో గ్రిడ్ ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూడగలగడం దీనివల్లే సాధ్యమైంది. మామూలు ఎక్స్‌రేకూ కదిలే గుండెను చూపే స్కానింగుకూ ఉన్నంత తేడా ఇది.

చూపులో రెండో సగం రేపటిని చూడడం. మన దేశంలో రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ప్రతి ముక్కలో ఎవరు ఎంత పుట్టిస్తారో ఎవరు ఎంత లాగుతారో ముందు రోజే రాసుకుంటారు. బొగ్గు కేంద్రానికి ఇది పెద్ద పని కాదు. పవన కేంద్రానికి రేపు మధ్యాహ్నం రెండు గంటల పదిహేను నిమిషాలకు రాప్తాడు వైపు గాలి ఎంత వీస్తుందో చెప్పడమే. అందుకే సౌర, పవన కేంద్రాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ, దక్షిణాది గ్రిడ్‌ను నడిపించే బెంగళూరులోని దక్షిణ ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రంలోనూ పునరుత్పాదక విద్యుత్ నిర్వహణ కేంద్రాలను ఏర్పాటు చేశారు. ఉపగ్రహ చిత్రాలు, వాతావరణ నమూనాలు, పార్కుల నుంచి వచ్చే కొలతలు కలిపి అక్కడ అంచనా కడతారు. చెప్పినదానికీ చేసినదానికీ తేడా వస్తే పరిహారం కట్టాలి. 2020 జూన్‌లో మొదలైన రియల్ టైమ్ మార్కెట్ వల్ల పొద్దున వేసిన లెక్క తప్పినా మధ్యాహ్నానికి కరెంటు కొనుక్కునో అమ్ముకునో సర్దుకునే వీలు వచ్చింది. పవన విద్యుత్తు విషయంలో ప్రకృతి మనకొక సౌకర్యమూ ఒక ఇబ్బందీ ఇచ్చింది: రాయలసీమ గుట్టల మీద గాలి నైరుతి రుతుపవనాల నెలల్లో విపరీతంగా వీస్తుంది, యాసంగిలో బోర్లు నిండుగా నడిచే ఫిబ్రవరి, మార్చి నెలల్లో సన్నగిల్లుతుంది. ఆ నెలల్లో నిలబడేది ఎండే. తెలంగాణ వాడకం 2025 మార్చిలోనే 17 వేల మెగావాట్లు దాటిందని గుర్తుపెట్టుకుంటే, ఎండకూ యాసంగి వరికీ ఎంత దగ్గరి చుట్టరికం ఉందో తెలుస్తుంది.

ఎండను దాచే గుట్టలు

దాచుకోవడానికి బ్యాటరీల గురించే ఎక్కువ మాట్లాడుతున్నాం. వాటి ధరలు పడుతున్న వేగం చూస్తే అది సహజమే. కానీ కృష్ణా లోయలో దాచుకునే ఏర్పాటు ఎప్పుడో ఉంది. నాగార్జునసాగర్‌లో ఏడు యూనిట్లు, శ్రీశైలం ఎడమగట్టున ఒక్కొక్కటి 150 మెగావాట్ల ఆరు యూనిట్లు రెండు వైపులా తిరగగలవు. కిందికి వదిలేటప్పుడు కరెంటు పుట్టిస్తాయి, మిగులు కరెంటు ఉన్నప్పుడు కింది నీటిని వెనక్కి తోడతాయి. అయితే ఆ నీరు కరెంటు కోసమే కాదు. సాగుకు, తాగుకు, ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య వాటాకు కూడా చెందినది. నీటిమట్టం ఎంత ఉందన్నదే అక్కడ మొదటి మాట, గ్రిడ్ అవసరం తర్వాతి మాట. ఈ చిక్కు లేకుండా నదికి దూరంగా గుట్ట మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, ఒకసారి నింపిన నీటినే పైకీ కిందికీ తిప్పే పద్ధతిలో నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టును సౌర, పవన కేంద్రాలతో కలిపి తలపెట్టారు.

ఆ పద్ధతి ఎంత నీటిని అడుగుతుందో ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. వంద మీటర్ల ఎత్తు నుంచి నీరు పడితే ఒక యూనిట్ కరెంటుకు, నష్టాలేమీ లేవనుకున్నా, 3,700 లీటర్లు కావాలి. టర్బైన్‌లో పోయేది కలిపితే నాలుగు వేలు దాటుతుంది. ఒక ఇల్లు ఏసీ వేసుకుని ఒక రాత్రికి పది యూనిట్లు వాడితే నాలుగు నీళ్ల ట్యాంకర్లకు పైగా నీరు గుట్ట దిగాలి. తోడడానికి వంద యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. పోయినది పోయినట్టే అయినా, మధ్యాహ్నం ఎవరికీ అక్కర్లేని యూనిట్‌ను రాత్రి ఎనిమిదింటికి అందరూ కోరే యూనిట్‌గా మార్చడానికి అది పెద్ద ధర కాదు.

మేడ మీది పలకలు, సందులోని ట్రాన్స్‌ఫార్మర్

పెద్ద పార్కుల సమస్యలకు కంట్రోల్ రూములు ఉన్నాయి. ఇంటి మేడలకు లేవు. ఇళ్ల మేడల మీద సోలార్ పలకల కోసం 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో మూడు కిలోవాట్ల పలకలు పెట్టించారు. ఉదయం పదకొండు దాటాక ఇన్వర్టర్ తెర మీద వోల్టేజీ ఎక్కువైందని ఎర్ర అక్షరాలు వచ్చి ఉత్పత్తి ఆగిపోయేది; పావుగంటకు మళ్లీ మొదలై మళ్లీ ఆగేది. పలకలు బాగోలేవని వాళ్లు అమ్మినతనితో వారం రోజులు తగవుపడ్డారు. తప్పు పలకలది కాదు. ఆ సందు చివరి ఇళ్లకు సాయంత్రం లో వోల్టేజీ వస్తోందన్న ఫిర్యాదు మీద ఎప్పుడో ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీని పెంచి తగ్గించే ట్యాప్‌ను పైకి పెట్టి ఉంచారు. వీధి చివర ఇంటి నుంచి కరెంటు వెనక్కి ప్రవహించాలంటే ఆ ఇంటి దగ్గర వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికంటే ఎక్కువ ఉండాలి. ఇప్పటికే పెంచి ఉన్నదాని మీద ఇదీ కలిసి హద్దు దాటింది. ఒక వైపే పారడానికి తవ్విన కాలువలో నీరు ఎదురు పారించాలంటే తూముల ఎత్తులు మార్చక తప్పదు. మన పంపిణీ లైన్లు, ట్యాపులు, ఫ్యూజులు అన్నీ ఒక వైపు పారకానికి కట్టినవే.

ఇంకొక ఫిర్యాదు కూడా తరచు వినిపిస్తుంది: మేడ మీద ఎండ మండిపోతున్నా, వీధిలో కరెంటు పోగానే మన ఇన్వర్టర్ కూడా ఎందుకు ఆగిపోతుంది? అది లోపం కాదు, ప్రాణరక్షణ. లైను ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి మన మేడ నుంచి కరెంటు అందకూడదనే ఇన్వర్టర్ తనంతట తాను విడిపోతుంది. విడిగా బ్యాటరీ, విడిగా మారే స్విచ్ ఉన్నవారికి మాత్రమే ఆ వేళ ఇంట్లో కరెంటు ఉంటుంది. పెట్టించే ముందే ఈ మాట చెప్పని అమ్మకందారులు చాలామంది ఉన్నారు. చెప్పి తీరాలని నిబంధన ఉండటం మంచిది.

స్మార్ట్ మీటర్ ఉపయోగం ఇక్కడే మొదలవుతుంది. ఏ ఇంటి దగ్గర ఏ వేళకు వోల్టేజీ ఎంత ఉందో పంపిణీ సంస్థకు చెప్పగలిగేది అదొక్కటే. 2021లో కేంద్రం ప్రకటించిన పథకంలో 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నారు. అంతకుముందే జీడిమెట్ల పారిశ్రామికవాడలో సుమారు 12 వేల కనెక్షన్లతో ఒక నమూనా ప్రాజెక్టు జరిగింది. కానీ జనానికి ఆ మీటర్ మొదట చేరినది ముందస్తు చెల్లింపు యంత్రంగానే. డబ్బు అయిపోతే ఆఫీసు నుంచే కరెంటు కత్తిరించగలదని తెలిశాక భయం కలగకుండా ఎలా ఉంటుంది? 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు సౌర గంటల్లో 10 నుంచి 20 శాతం తక్కువ ధర, రద్దీ వేళ ఎక్కువ ధర ఉండాలని చెప్పాయి. మధ్యాహ్నం వాషింగ్ మెషీన్ వేస్తే బిల్లు తగ్గుతుందన్న అనుభవం ముందు వచ్చి, కత్తిరింపు తర్వాత వచ్చి ఉంటే, ఆ మీటర్ గురించి ఊళ్లలో జరిగే మాటలు వేరేగా ఉండేవని నా నమ్మకం. వేళను బట్టి మారే ధర లేని స్మార్ట్ మీటర్ వసూలు యంత్రమే అవుతుంది. దానికి గ్రిడ్‌తో సంబంధం పెద్దగా లేదు.

మళ్లీ పొలానికి

ఇప్పుడు స్టార్టర్ డబ్బా దగ్గరికి తిరిగి వద్దాం. అయిదు హెచ్‌పీ మోటారు 3.7 కిలోవాట్లు. లక్ష మోటార్లు ఒకేసారి నడిస్తే 370 మెగావాట్లు. తెలంగాణలోనే వ్యవసాయ కనెక్షన్లు 25 లక్షలు దాటాయి. వాటిలో పది లక్షలు ఏదో ఒక గంటలో నడుస్తున్నా అది 3,700 మెగావాట్ల వాడకం, అంటే నాలుగు పెద్ద సోలార్ పార్కుల మధ్యాహ్నపు ఉత్పత్తికి దగ్గర. ఈ వాడకానికి ఒక అపురూపమైన గుణం ఉంది. మడికి నీరు పదకొండింటికి పారినా రెండింటికి పారినా పైరుకు తేడా లేదు. ఇంట్లో దీపానికి, ఆసుపత్రిలో యంత్రానికి ఆ గుణం లేదు. మోటారును ఎండ వేళకు జరిపితే మధ్యాహ్నపు కుంగుబాటు పూడుతుంది, సాయంత్రపు గోడ ఎత్తు తగ్గుతుంది, బ్యాటరీ కొనకుండానే బ్యాటరీ చేసే పనిలో సగం జరిగిపోతుంది. మడిలో నిలిచిన నీరే నిల్వ.

ఇంకా పెద్ద మోటార్లు కూడా మన దగ్గరే ఉన్నాయి. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలోని గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో పంపు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. ఒక్క పంపు ఆన్ చేయడం 37 వేల వ్యవసాయ మోటార్లు ఒకేసారి ఆన్ చేయడంతో సమానం. ఎత్తిపోతలకు అయ్యే కరెంటు ఖర్చు గురించి మన రాజకీయాల్లో ఎంతో చర్చ జరిగింది కానీ, ఆ పంపులను ఏ గంటల్లో నడపాలన్న దాని గురించి జరగవలసినంత జరగలేదు. రిజర్వాయరులో చోటు ఉన్నంతవరకు వాటిని సౌర గంటలకే పరిమితం చేయడం, రద్దీ గంటల్లో ఆపడం, ఆ ఒప్పందానికి ధరలో తగ్గింపు ఇవ్వడం కష్టమైన పని కాదు.

రైతు మోటారు విషయంలో విధానాలు రెండు రాష్ట్రాల్లో రెండు దారుల్లో నడిచాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు ఏడు గంటలు, అదీ పగలు కొంత రాత్రి కొంత. తర్వాత ఆంధ్రప్రదేశ్ పగటిపూటే తొమ్మిది గంటలన్న దారి పట్టింది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా ఇచ్చింది. ఎప్పుడూ కరెంటు ఉంటుంది కనుక ఆటో స్టార్టర్లు తీసేయాలని రైతులను అడిగింది. రాత్రి పొలానికి పోవలసిన బాధ తప్పడం చిన్న విషయం కాదు, ఆ మేలును తక్కువ చేసి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే గ్రిడ్ వైపు నుంచి చూస్తే, ఎండ ఉన్న గంటకూ లేని గంటకూ తేడా చూపని సరఫరా ఒక అవకాశాన్ని వదులుకుంటోంది. భూగర్భజలం వైపు నుంచి చూస్తే, రాత్రంతా నడిచే మోటారు అవసరానికి మించి తోడుతుంది.

దీనికి ప్రతి మోటారుకూ మీటర్ పెట్టడమే మార్గమన్న వాదన ఒకటి ఉంది. మీటర్ పెడితే రేపో మాపో బిల్లు వస్తుందన్న భయం రైతుకు ఉంది, ఆ భయానికి ఆధారం లేదని చెప్పడం నావల్ల కాదు. నా ఉద్దేశంలో గ్రిడ్ అవసరానికి మోటారు మోటారుకూ మీటర్ అక్కర్లేదు. వ్యవసాయ ఫీడరును ఇళ్ల ఫీడరు నుంచి పూర్తిగా విడదీసి, ఫీడరు మొదట్లో ఒక మంచి మీటరూ, సబ్‌స్టేషన్ నుంచి నడపగల బ్రేకరూ ఉంటే చాలు. వాటి పక్కనే, వ్యవసాయానికి సౌరవిద్యుత్తు కోసం కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకం అనుమతించినట్టు, ఆ ఫీడరుకు సరిపడా రెండు మూడు మెగావాట్ల సోలార్ కేంద్రం పెడితే పుట్టిన చోటే ఖర్చవుతుంది, వందల కిలోమీటర్ల లైనులో పోయే నష్టమూ తగ్గుతుంది. మహారాష్ట్ర ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని పేరుతో ఈ దారిలో చాలా ముందుకు పోయింది. ఫీడర్లన్నీ ఒకే క్షణంలో వేయకుండా పావుగంట ఎడంతో జట్లుగా వేస్తే, మోటారుకు ఆటో స్టార్టర్ బదులు కొద్ది నిమిషాల తేడాతో లేచే టైమర్ స్టార్టర్ బిగిస్తే, మొదట్లో చెప్పిన అమ్మీటరు ముల్లు ఎగరదు.

మిగిలేది కబురు. ఇప్పుడు సబ్‌స్టేషన్ గోడకు అతికించిన వేళల కాగితం చాలాకాలం మారకుండా ఉంటుంది. రేపటి మబ్బును బట్టి ఫీడరు వేళ రోజూ మారే పద్ధతి వస్తే, ఆ మార్పు బెంగళూరు నుంచి హైదరాబాద్‌కూ విజయవాడకూ, అక్కడి నుంచి సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కూ చేరడం ఇప్పటికే సాధ్యం. సబ్‌స్టేషన్ నుంచి బావి దాకా ఉన్న ఆఖరి రెండు కిలోమీటర్లకే ఏర్పాటు లేదు. రేపు మీ ఫీడరుకు కరెంటు ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉంటుందని ముందు రోజు పొద్దుగూకే లోపు, తెలుగులో, మామూలు ఫోనుకు వచ్చే సందేశంగా రైతుకు అందాలి. ఇచ్చిన మాట ప్రకారం పదింటికే కరెంటు రావాలి. అలా వరుసగా ఒక యాసంగి పంటకాలమంతా జరిగితే ఆటో స్టార్టర్‌ను తీసేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు.